పాలకు ఒక పద్ధతి, దాణాకు ఒక పద్ధతి, సేవకు మరొక పద్ధతి



సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు మేము ముందుగా అడిగేది పుస్తకాలు. నగదు పుస్తకం, పాల సేకరణ రిజిష్టరు, దాణా నిల్వ రిజిష్టరు, తీర్మానాల పుస్తకం వరుసగా చూస్తాము. లెక్కలు సరిపోతే సంఘం సక్రమంగా నడుస్తున్నదని వ్రాయడం మా ఉద్యోగంలో వాడుక. కాని లెక్కలన్నీ పైసాతో సహా సరిపోయి కూడా, సభ్యులు ఒక్కొక్కరుగా పాలు పోయడం మానివేస్తున్న సంఘాలను మేము చూచాము. అందులో ఒక సంఘం సంగతి ఈ వ్యాసంలో మనవి చేయదలచాము. అక్కడ జరిగిన పొరపాటులో మాకు కూడా భాగమున్నది. అందుచేత సంఘం పేరు చెప్పడం న్యాయం కాదు, పాఠం చెప్పకపోవడమూ న్యాయం కాదు.

సంఘం అంటే పాల కేంద్రం అనే అందరి అభిప్రాయం. నిజానికి ఒక మంచి సంఘం ఒకే కప్పు క్రింద మూడు నాలుగు రకాల పనులు చేస్తుంది. పాలు కొని పంపుతుంది. దాణా తెప్పించి అమ్ముతుంది. పశువులకు కృత్రిమ గర్భోత్పత్తి, టీకాలు, ప్రథమ చికిత్స ఏర్పాటు చేస్తుంది. పాలను పరీక్షించి, సభ్యుని ఖాతాలో డబ్బు వేస్తుంది. ఇందులో కొన్ని సరుకులు, కొన్ని సేవలు. సరుకులలో కూడా కొన్ని పూటకే చెడిపోయేవి, కొన్ని నెలల తరబడి నిలువ ఉండేవి. వీటన్నిటినీ ఒకే మనిషి, ఒకే పద్ధతిలో, ఒకే రకం రిజిష్టరుతో నడపాలని చూడడం వల్లనే నష్టం వస్తుంది. ఏ పనికి ఏ పద్ధతి తగునో క్రమంగా చూద్దాము.

పాలు: గడియారంతో పోటీ

పాలు పొదుగు నుండి వచ్చేటప్పుడు పశువు ఒంటి వేడితోనే ఉంటాయి. పిండిన తరువాత మొదటి రెండు గంటల పాటు పాలకు సహజసిద్ధమైన కొంత రక్షణ ఉంటుంది. ఆ గడువు దాటిన పిదప వెచ్చని పాలలో సూక్ష్మజీవులు చాలా వేగంగా పెరుగుతాయి. అనుకూల పరిస్థితులలో సుమారు అరగంటకొకసారి రెట్టింపు అవుతాయనుకుంటే, ఒకటి ఉన్నచోట మూడు గంటలలో 64 అవుతాయి. 4 డిగ్రీల సెంటీగ్రేడుకు చల్లబరిస్తే ఈ పెరుగుదల దాదాపు ఆగిపోతుంది. అయితే అప్పటికే పెరిగినవి తగ్గవు. శీతల యంత్రం చెడిన పాలను బాగు చేయదు, మంచి పాలను మంచిగా ఉంచుతుంది, అంతే. ఈ మాట ప్రతి కార్యదర్శీ గుర్తుంచుకోవాలి.

అందుచేత పాల విషయంలో నిర్వహణ అంటే నిమిషాల నిర్వహణ. సభ్యులు ఏ వేళకు రావాలి, కాటా ఎప్పుడు తెరవాలి, లారీ లేక ట్యాంకరు ఎప్పుడు వస్తుంది, ఊరిలో బల్క్ కూలరు ఉంటే అందులో పాలు ఎంత సేపట్లో చల్లబడుతున్నాయి అన్నవే ముఖ్యమైన ప్రశ్నలు. పాల కేంద్రంలో నిలువ అనే మాటకు తావు లేదు. నిలువ ఉన్న పాలు ఆస్తి కాదు, ప్రమాదం. క్యాన్లు, గరాటులు, వడగట్టే గుడ్డ శుభ్రంగా లేకపోతే గడియారం మరింత వేగంగా తిరుగుతుంది.

గడియారాన్ని సరిగా పట్టుకుంటే పాలు ఎంత దూరమైనా పోగలవు. 2020 మార్చిలో దేశమంతటా రాకపోకలు నిలిచిపోయినప్పుడు, అప్పటి చిత్తూరు జిల్లా రేణిగుంట నుండి ఢిల్లీలోని హజ్రత్ నిజాముద్దీన్‌కు దూధ్ దురంతో అనే ప్రత్యేక పాల రైళ్ళు నడిచాయి. ఒక్కొక్క ట్యాంకరులో 40,000 లీటర్ల పాలు. సుమారు 2,300 కిలోమీటర్ల ప్రయాణం. మన రాయలసీమ గ్రామాలలో పిండిన పాలు అంత దూరం చెడిపోకుండా చేరాయంటే కారణం రైలు ఒక్కటే కాదు. పల్లెలో మొదటి రెండు గంటలలో చేయవలసిన పని పల్లెలోనే జరిగింది. ఆ పని జరగకపోతే ఊరి పొలిమేర దాటకముందే పాలు విరిగిపోతాయి.

నెయ్యి, పాలపొడి: కాలాన్ని నిలువ చేయడం

పాలు చెడడానికి ముఖ్య కారణం అందులోని నీరు. గేదె పాలలో నూటికి సుమారు 83 పాళ్ళు, ఆవు పాలలో సుమారు 87 పాళ్ళు నీరే. నెయ్యిలో నీరు నూటికి అర పాలు మించరాదు, పాలపొడిలో 5 పాళ్ళు మించరాదు. నీరు తీసివేస్తే గడియారం నెమ్మదిస్తుంది. పూటలలో లెక్కించవలసిన సరుకు నెలలలో లెక్కించే సరుకుగా మారుతుంది. దానితో నిర్వహణ కూడా మారిపోతుంది.

ఈ తేడా ఎంత పెద్దదో మన సహకార చరిత్రే చెబుతుంది. గుజరాత్‌లో ఖేడా జిల్లా పాల ఉత్పత్తిదారుల యూనియన్ 1946లో త్రిభువన్‌దాస్ పటేల్ నాయకత్వంలో ఏర్పడింది. వారి పాలు బొంబాయికి వెళ్ళేవి. చలికాలంలో గేదెలు బాగా పాలిచ్చే రోజులలో ఆ పాలన్నీ బొంబాయి తీసుకోలేకపోయేది. రైతు ఇంట పాలు మిగిలిపోయేవి, వేసవిలో మాత్రం చాలేవి కావు. ఆవు పాలతో పొడి చేయడం అప్పటికే వాడుకలో ఉంది కాని, గేదె పాలతో చేయడం కుదరదని విదేశీ నిపుణులు అనేవారు. ఆనంద్‌లో హెచ్.ఎమ్.దలాయా గారి కృషితో అది సాధ్యమయింది. 1949లో ఆనంద్ వచ్చి ఆ యూనియన్ పనిలో కుదురుకున్న వర్గీస్ కురియన్ గారి హయాములో, 1955 అక్టోబరు 31న, ప్రధాని నెహ్రూ గారు అక్కడి కర్మాగారాన్ని ప్రారంభించారు. ఆ కర్మాగారం ఎక్కువ పాలు తయారు చేయలేదు. చలికాలపు పాలను వేసవికి అందించింది. రైతుకు చలికాలంలో కూడా ‘పాలు వద్దు’ అనే మాట వినవలసిన పని లేకపోయింది.

1970లో మొదలై 1996 వరకు సాగిన ‘ఆపరేషన్ ఫ్లడ్’లో కూడా ఇదే సూత్రం. ఐరోపా దేశాలు ప్రపంచ ఆహార కార్యక్రమం ద్వారా ఇచ్చిన పాలపొడిని, వెన్ననూనెను ఓడలలో తెచ్చి, తిరిగి పాలుగా కలిపి బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసు నగరాలలో అమ్మారు. ఆ డబ్బుతో పల్లెలలో సంఘాలను, డెయిరీలను పెంచారు. పచ్చిపాలను సముద్రం దాటించడం ఎవరికీ సాధ్యం కాదు, పొడిని దాటించవచ్చు.

నిలువ ఉండే సరుకుకు అడగవలసిన ప్రశ్నలు వేరు. ఎంత నిలువ ఉంచాలి? దానిలో ఎంత పెట్టుబడి ఇరుక్కున్నది? ముందు తయారైనది ముందు పోతున్నదా? గిడ్డంగి చల్లగా, పొడిగా ఉన్నదా? ఈ బాధ్యత యూనియన్‌ది, సమాఖ్యది. కాని సంఘాల వారు కూడా ఇది తెలుసుకోవాలి. పాలు బాగా వచ్చే చలికాలంలో యూనియన్ పాలు కొంటున్నదంటే, అమ్ముడుపోని పాలలో రైతుల డబ్బునే పొడిగా, వెన్నగా మార్చి నెలల తరబడి గిడ్డంగిలో ఉంచుతున్నదని అర్థం. సర్వసభ్య సమావేశంలో ఈ సంగతి సభ్యులకు వివరించడం మంచిది.

దాణా: గిడ్డంగి పని

దాణాకు గడియారం అక్కరలేదు, క్యాలెండరు కావాలి. పాలు రోజుకు రెండుసార్లు రావడమెంత సహజమో, దాణా అయిపోయేదాకా ఊరుకుని తరువాత తెప్పించుకోవడం కొన్ని సంఘాలలో అంత సహజమయింది. పాలకు అలవాటుపడిన చేయి దాణాను కూడా రోజువారీ సరుకుగానే చూస్తుంది.

ఇక్కడ లెక్క సులభం. ఉదాహరణకు ఒక సంఘంలో రోజుకు 10 బస్తాలు అమ్ముడవుతాయి, ఇండెంటు పంపిన 5 రోజులకు లారీ వస్తుంది అనుకుందాము. అయితే నిలువ 50 బస్తాలకు దిగకముందే ఇండెంటు పోవాలి. వానలకు దారి తెగిపోయే ఊరైతే మరో మూడు నాలుగు రోజుల సరుకు అదనంగా కలుపుకోవాలి. ఆ అంకెను గిడ్డంగి తలుపు మీద సుద్దముక్కతో వ్రాసి పెట్టండి. కార్యదర్శి ఊరిలో లేని రోజున కూడా తలుపు గుర్తు చేస్తుంది.

అట్లాగని ఏడాది దాణా ఒకేసారి తెచ్చి నింపుకోవడం కూడా తగదు. దాణా నిలువ ఉంటుంది కాని శాశ్వతంగా ఉండదు. చెమ్మ తగిలితే బూజు పడుతుంది. బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం పుట్టవచ్చు. ఆ దాణా తిన్న పశువు పాలలోకి ఆ విషం కొంత వస్తుంది, పాలు కాచినా పోదు. పాలలో ఆ విషం కిలోకు 0.5 మైక్రోగ్రాము మించరాదని మన దేశపు ఆహార ప్రమాణం. అంటే గిడ్డంగిలో చేసిన అశ్రద్ధ కొన్నాళ్ళకు పాల క్యానులో బయటపడుతుంది. బస్తాలను చెక్క పలకల మీద, గోడకు ఒక అడుగు ఎడంగా పేర్చాలి. ముందు వచ్చినది ముందు అమ్మాలి. బూజు పట్టిన బస్తాను మంచి బస్తాలలో కలిపి సరిపెట్టడం సభ్యునికి ద్రోహం.

దాణాలో మరొక సౌకర్యమున్నది. బస్తా బాగా లేకపోతే తిప్పి పంపవచ్చు. సభ్యుడు నేడు రాకపోతే రేపు కొంటాడు. అమ్మేవాడు గంటసేపు ఊరక కూర్చున్నా దాణా అక్కడే ఉంటుంది. ఈ మూడు సౌకర్యాలూ సేవలో లేవు. మా పొరపాటు సరిగ్గా అక్కడే జరిగింది.

సేవ: నిలువ లేదు, వాపసు లేదు

ఆ సంఘంలో కృత్రిమ గర్భోత్పత్తి కార్యకర్త ఒకరు ఉండేవారు. పనిమంతుడు, ఊరివాడే. రోజుకు సగటున రెండు పిలుపులు వచ్చేవి. మిగతా వేళలో సంఘం అరుగు మీద కూర్చునేవాడు. పాలకవర్గం వారికి ఇది కంటగింపు అయింది. ‘జీతమిచ్చి ఊరక కూర్చోబెట్టడమేమిటి?’ అని, పాల రిజిష్టరు వ్రాసే గుమాస్తాను తీసివేసి, ఉదయం సాయంత్రం ఆ పని ఇతనికి అప్పగించారు. ఒక జీతం మిగిలింది. ఆ సంవత్సరం తనిఖీలో మేము ఆ తీర్మానం చదివి, ‘ఈ పొదుపు ప్రశంసనీయం’ అని మా నివేదికలో వ్రాశాము.

మరుసటి సంవత్సరం వెళ్ళినప్పుడు పుస్తకాలలో ఏ లోటూ కనబడలేదు. కాని పాలు పోసే సభ్యులు తగ్గారు. కారణం అడిగితే కార్యదర్శి ప్రైవేటు డెయిరీ పోటీ అన్నారు. ఆ సాయంత్రం మేము వీధి వెంట నడిచి వెళుతుంటే, ఒకే గేదె గల సభ్యురాలు ఒకామె వాకిట్లో నిలబడి ఉన్నది.

“పాలు పోయడం మానివేశారట, ఏమమ్మా?” అని అడిగాము.

“పోయడానికి పాలుంటే కదా సారూ! గేదె ఎదకొచ్చిందని మూడు మాట్లు కబురు పెట్టాను. మూడు మాట్లూ కాటా అయిపోయాక వస్తానన్నాడు. అతనిది మాత్రం తప్పేముంది, రెండు చేతులేగా! వచ్చేసరికి ఎద దాటిపోయింది. గేదె ఒట్టిపోయింది. మేత మాత్రం మేస్తూనే ఉన్నది” అన్నది.

ఆమె ఎవరినీ తిట్టలేదు. కాని మేము బసకు వచ్చి లెక్క వేసుకుంటే సిగ్గుపడవలసి వచ్చింది.

ఎద తప్పిన గేదె మళ్ళీ ఎదకు రావడానికి సుమారు 21 రోజులు పడుతుంది. మూడు ఎదలు తప్పితే 63 రోజులు. ఈనిన తరువాత రోజుకు 5 లీటర్లు ఇచ్చే గేదె అనుకుంటే, 63 రోజులకు 315 లీటర్లు. ఈత అన్నాళ్ళు వెనుకబడింది కనుక అంత పాల రాబడి ఆ యింటికి వెనుకబడింది. ఆ 63 రోజుల మేత ఖర్చు దీనికి అదనం. సంఘానికి కూడా ఆ 315 లీటర్లు రాలేదు. ఇటువంటి ఇళ్ళు ఎన్ని ఉన్నాయో మాకు ఆ ఊరిలో ఏ పుస్తకమూ చెప్పలేదు. మిగిలిన గుమాస్తా జీతం మాత్రం పుస్తకంలో చక్కగా కనబడింది.

పొరపాటు ఎక్కడ జరిగిందో నిదానంగా చూస్తే తెలుస్తుంది. పశువు ఎద లక్షణాలు రైతు కంటబడేది సాధారణంగా పాలు పితికే వేళలో. అరుపు, తీగలు, పాలు చేపకపోవడం అప్పుడే గమనిస్తారు. ఉదయం ఎద కనబడితే సాయంత్రం, సాయంత్రం కనబడితే మరునాడు ఉదయం గర్భోత్పత్తి చేయించాలనేది వాడుకలో ఉన్న నియమం. అంటే కబురు వచ్చేదీ పాల వేళకే, వెళ్ళవలసినదీ పాల వేళకే. సరిగ్గా ఆ రెండు పూటలే మేమందరం కలిసి ఆ మనిషిని కాటా దగ్గర కట్టివేశాము. పైగా గేదెలలో మూగ ఎద ఎక్కువ. వేసవిలో మరీ కష్టం. రైతు కనిపెట్టిన ఒక్క ఎద కూడా ఎంతో విలువైనది.

అతడు అరుగు మీద కూర్చున్న గంటలు వృథా అని మేము అనుకున్నాము. సరుకు పనిలో అది నిజమే. ఊరక ఉన్న యంత్రం, ఊరక ఉన్న మనిషి నష్టం. కాని పిలుపు మీద నడిచే సేవలో ఆ ఎదురుచూపే సరుకు. గోదావరి రేవులో పడవవాడు ఒడ్డున కూర్చుని ఉన్నాడు గనుకనే మనం వెళ్ళగానే ఏరు దాటుతాము. అతడిని పొలం పనికి పంపిస్తే కూలి మిగులుతుంది, రేవు మూతపడుతుంది.

సేవకు మరి రెండు గుణాలున్నాయి. మొదటిది, చేసేటప్పుడే అది ఖర్చయిపోతుంది. ఖాళీగా ఉన్న మంగళవారం గంటలను దాచి, రద్దీగా ఉన్న బుధవారం వాడుకోలేము. రెండవది, తప్పు జరిగితే వాపసు లేదు. పాలు పులిస్తే డెయిరీ రేవులోనే తెలుస్తుంది. దాణా చెడితే కొన్ని వారాలకు తెలుస్తుంది. గర్భోత్పత్తి సరిగా జరగలేదని తెలియడానికి పశువు తిరిగి ఎదకు వచ్చేదాకా, లేదా రెండు మూడు నెలలకు చూడి పరీక్ష చేసేదాకా ఆగాలి. అప్పటికి కాలం గడిచిపోతుంది. కనుక సేవలో ఫలితాన్ని పరీక్షించి సరిదిద్దడం ఆలస్యమవుతుంది. చేసే విధానాన్నే ముందుగా సరిదిద్దుకోవాలి.

ఒకే పనిలో రెండు రకాలు

గర్భోత్పత్తి పనిలో సరుకు కూడా ఉన్నది. వీర్యపు నాళికలు ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల చలిలో ఉంటాయి. ఆ చలి తగ్గకుండా చూస్తే సంవత్సరాల తరబడి పనికివస్తాయి. దాణా కంటే కూడా ఎక్కువ కాలం నిలువ ఉండే సరుకు ఇది. కాని నాళికను బయటకు తీసి, 37 డిగ్రీల గోరువెచ్చని నీటిలో అర నిమిషం ఉంచిన క్షణం నుండి అది నిమిషాల సరుకు. వెంటనే వాడాలి, మళ్ళీ లోపల పెట్టరాదు.

కాబట్టి ఈ ఒక్క పనికి రెండు నిర్వహణలు కావాలి. నత్రజని పాత్రకు గిడ్డంగి నిర్వహణ: మట్టం ఎంత ఉన్నది, ఎప్పుడు నింపాలి, ఏ నాళికలు ఎన్ని ఉన్నాయి అని వారం వారం వ్రాయాలి. కార్యకర్తకు సేవ నిర్వహణ: కబురు ఎప్పుడు అందింది, ఇంటికి ఎప్పుడు చేరాడు, 21వ రోజున పశువు తిరిగి ఎదకు వచ్చిందా, చూడి పరీక్ష ఫలితమేమి, ఈత ఎప్పుడు అని వ్రాయాలి. మా తనిఖీలలో చూచిన చాలా రిజిష్టర్లలో ‘వాడిన నాళికలు’ అనే ఒక్క గడి మాత్రమే ఉన్నది. అది సరుకు లెక్క. ఎన్ని నాళికలు ఖర్చయినవో చెబుతుంది, ఎన్ని దూడలు పుట్టినవో చెప్పదు.

అన్ని సేవలూ పిలుపు మీద నడిచేవి కావని కూడా గమనించాలి. గాలికుంటు టీకా ఆరు నెలలకొకసారి, గొంతువాపు టీకా వానలకు ముందు వేయించాలి. వీటికి ముందే తేదీ నిర్ణయించి, దండోరా వేయించి, శిబిరం పెట్టవచ్చు. ఇక్కడ మనిషి ఎదురుచూడనక్కరలేదు, పశువులనే ఒకచోటికి రప్పించవచ్చు. టీకా మందు మాత్రం 2 నుండి 8 డిగ్రీల మధ్య చల్లగా ఉండాలి. పిలుపు సేవను శిబిరంలాగ, శిబిరం సేవను పిలుపులాగ నడపడం రెండూ తప్పే.

పాలలో దాగిన సేవ

పాల సేకరణ సరుకు పని అన్నాము. అందులో కూడా ఒక సేవ దాగి ఉన్నది. అదే కొలత, పరీక్ష, చెల్లింపు. పాలు డెయిరీకి వెళ్ళిపోతాయి. సభ్యుని చేతిలో మిగిలేది ఒక చీటీ. ఆ చీటీ మీది వెన్న శాతాన్ని నమ్మితేనే అతడు రేపు మళ్ళీ వస్తాడు.

గెర్బరు పద్ధతిలో 10 మిల్లీలీటర్ల ఆమ్లం, 10.75 మిల్లీలీటర్ల పాలు, 1 మిల్లీలీటరు అమైల్ ఆల్కహాలు అనే కొలతలలో ఏది తప్పినా వెన్న శాతం తప్పుతుంది. నేడు చాలా కేంద్రాలలో యంత్రం మీద అంకె వెంటనే కనబడుతున్నది. యంత్రమైనా రోజూ కడగకపోతే, నిర్ణీత కాలంలో సరిచూడకపోతే తప్పే చూపుతుంది. అంకె సభ్యుని వైపు తిరిగి ఉండాలి. అడిగినవారికి మళ్ళీ పరీక్ష చేసి చూపాలి. ఇందుకు రెండు నిమిషాలు పడుతుంది, వరుస నెమ్మదిస్తుంది. పాలు వేచి ఉండకూడదు, సభ్యుని సందేహమూ వేచి ఉండకూడదు. అందుకని కాటా దగ్గర ఒకరు, పరీక్ష దగ్గర మరొకరు ఉండడం మేలు. చెల్లింపు కూడా అటువంటిదే. చెప్పిన తేదీకి డబ్బు ఖాతాలో పడడం సంఘం చేసే సేవలలో మొట్టమొదటిది. లీటరుకు ఒక రూపాయి ఎక్కువ ఇస్తానని తేదీ తప్పేవాని కంటే, చెప్పిన రోజుకు ఇచ్చే సంఘాన్నే సభ్యులు నమ్ముకుంటారని మా అనుభవం.

ఏ పనికైనా నాలుగు ప్రశ్నలు

క్రొత్త పని ఏది చేపట్టినా, ఉన్న పనిలో మార్పు చేయదలచినా, పాలకవర్గం వారు తీర్మానం వ్రాయడానికి ముందు ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోవాలని మనవి.

1. ఇది ఎంతకాలం నిలువ ఉంటుంది? పూటలా, నెలలా, అసలు నిలువే ఉండదా? పూటల సరుకైతే గడియారం, నెలల సరుకైతే నిలువ రిజిష్టరు, నిలువ లేనిదైతే సిద్ధంగా ఉన్న మనిషి ముఖ్యం.

2. తప్పు ఎప్పుడు బయటపడుతుంది? వాపసు తీసుకొనవచ్చునా? తప్పు ఆలస్యంగా బయటపడే పనిలో చేసే విధానం మీదనే నిఘా ఉండాలి.

3. సభ్యుడు, లేదా అతని పశువు, పని జరిగేచోట ఉండాలా? ఉండాలంటే వారికి వీలైన వేళే మన వేళ.

4. ఊరక ఉన్న గంట నష్టమా, లేక అదే మన సేవా? నష్టమైతే వేరే పని ఇవ్వండి. సేవ అయితే ముట్టుకోకండి.

ఆ సంఘంలో తరువాత జరిగినది చెప్పి ముగిస్తాము. పాలకవర్గం వారు పెద్దమనసుతో తమ తీర్మానాన్ని మార్చుకున్నారు. ఉదయం సాయంత్రం రెండేసి గంటలు రిజిష్టరు వ్రాయడానికి ఊరిలో చదువుకున్న ఒక అమ్మాయిని కొద్దిపాటి వేతనంపై పెట్టుకున్నారు. కార్యకర్త పాల వేళలలో పూర్తిగా పిలుపులకే ఉంటున్నాడు. మధ్యాహ్నపు ఖాళీలో మాత్రం చూడి పరీక్షలు, టీకాల జాబితా, దాణా బస్తాల లెక్క వంటి పనులు చేస్తున్నాడు. ఇవన్నీ కబురు వస్తే ఎక్కడికక్కడ వదలి వెళ్ళగల పనులు. ఖాళీ గంటలకు ఇవ్వవలసినవి అటువంటి పనులే.

మేము కూడా మా పాత నివేదిక తెప్పించుకుని, ‘ప్రశంసనీయం’ అన్న మాట క్రింద, ఆ పొదుపు వల్ల సభ్యులకు నష్టం కలిగిందని, అప్పుడు మేము గుర్తించలేదని మా చేతితోనే వ్రాసి సంతకం చేశాము. తనిఖీదారు తన తప్పు తాను వ్రాయడం వాడుక కాదు. కాని ఆ సభ్యురాలి 63 రోజులు ఏ పుస్తకంలోనూ లేవు. కనీసం ఒక్క పుస్తకంలోనైనా ఉండాలనిపించింది.

ఈసారి మేము తనిఖీకి వచ్చినప్పుడు, పుస్తకాలు చూపే ముందు, కబురు అందిన వేళ, చేరిన వేళ వ్రాసిన రిజిష్టరు చూపగలరని సంఘాల కార్యదర్శులను కోరుతున్నాము. అది లేని సంఘాలు రేపటి ఉదయం పాల వేళ నుండే మొదలుపెట్టవచ్చు. అందుకు ఒక నోటుపుస్తకం, ఒక గోడ గడియారం చాలు.